మూల ఎంతో రాయలేదు

కోవూరు వైపు పెంచలప్రసాద్ అంటే ఏ పెంచలప్రసాద్ అని అడుగుతారు. మూలల ప్రసాద్ అంటే చాలు, ఫోన్ నంబరు కూడా చెబుతారు.

అతను వరి కోత మిషన్ నడుపుతాడు. నలభై రెండేళ్లుంటాయి. పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తమిళనాడు నుంచి వచ్చే మిషన్ల వెంట గడ్డి దులపడానికీ గ్రీజు పెట్టడానికీ తిరిగే రోజుల్లో, డ్రైవరు అన్నానికి దిగినప్పుడల్లా సీటెక్కి కూర్చుని నేర్చుకున్నాడు. ఇప్పుడు బెల్టు వదులైతే మూత తీసి చూడడు, చప్పుడు విని చెబుతాడు. కంకిని గుప్పెట్లో నలిపి, ఎంత తడి ఉందో తెలుసుకుని, తాలు ఎగరడానికి గాలి ఎంత పెట్టాలో తేల్చుకుంటాడు.

మూలల పేరు రావడానికి కారణం ఉంది. అంత పెద్ద మిషన్ కయ్య మూలకు, అంటే వరిమడి మూలకు, వచ్చేసరికి తిరగలేదు. అందుకని ముందుగా రైతే నాలుగు మూలలూ కొడవలితో కోసి దారి ఇవ్వాలి. లేకపోతే ప్రతి మూలా చాపంత మేర వరి నిలబడిపోతుంది. ప్రసాద్ దిగే కయ్యలో ఎవరూ కొడవలి పట్టక్కరలేదు. గట్టు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కాస్త వాలుగా తిప్పి మళ్లీ ముందుకు పోతాడు. మూడు నాలుగుసార్లు అలా కొరుక్కుంటూ పోయి, గట్టు మీది మట్టి పెళ్ల రాలకుండా మూల నున్నగా చేసేస్తాడు.

ఈ ఏడు మార్చి చివర్లో తొలిసారి విడవలూరు వైపు వెళ్లాడు. అక్కడ కామాక్షయ్య అనే రైతుకు ముప్పై ఎకరాలు కోతకు వచ్చి ఉంది. ఆయన ఏ మిషన్ను పిలిస్తే ఆ కాలవ కింద అందరూ దాన్నే పిలుస్తారు. ఆయనేమో డ్రైవరు పని కళ్లతో చూడందే చేలోకి దిగనివ్వడు.

“నా పక్కన హెబ్రోనువి రెండు కయ్యలుండాయి. వాటిని కొయ్యి. నేనొచ్చి చూస్తా. నచ్చితే రేపు నా చేలోకి దిగుదువు” అన్నాడు ఫోన్లో.

ప్రసాద్‌కు సీజనంతా ఆ రెండు కయ్యల్లోనే ఉన్నట్టు అనిపించింది.

మంచు ఆరేదాకా ఆగి, మిషన్ను గట్టు దాటించబోతుంటే హెబ్రోను ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు.

“అబ్బయ్యా, ఒక మాట. మూలలు కోయొద్దు. నాలుగు పక్కలా వదిలెయ్.”

ప్రసాద్ ఇంజను ఆపాడు. “నా పేరు తెలిసే ఎగతాళి చేస్తుండావా పెద్దాయనా?”

“నీ పేరేందో నాకెట్నా తెలుసు? మా గ్రంథంలో ఉండాది. చేను కోసేటప్పుడు ఓరలదాకా, అంచులదాకా కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు, బీదోళ్లకీ పరాయి ఊరోళ్లకీ వదిలెయ్యమని.”

“ఎవురు ఎవురికి చెప్పింది?”

“దేవుడు మోషేకి. మోషే ఇశ్రాయేలు జనానికి. అప్పటికి వాళ్లకి సెంటు నేల లేదు. ఎడారిలో తిరగతా ఉండారు.”

ప్రసాద్‌కు నవ్వొచ్చింది. “నేల లేనోళ్లకి కోత ఎట్నా కోయాలో చెప్పినాడా?”

“ముందే చెప్పినాడు. నేలొస్తదని నమ్మినోడు విన్నాడు. నమ్మనోడు నీ మాదిరే నవ్వుంటాడు.”

వెక్కిరింపే అయినా ప్రసాద్‌కు కోపం రాలేదు. పనికి సంబంధించిన సందేహం ఒకటి అతన్ని అప్పటికే పట్టుకుంది.

“సరే. ఎంత వదలాల?”

“రాయలేదు.”

“అడుగా, గజమా?”

“రాయలేదంటుండా కదా.”

“కొలత లేకుండా పనెట్నా చేసేది?”

“ఆ తిప్పలు నాకు ముప్పై ఏళ్ల నుంచి ఉండాది. ఒక ఏడు ఎక్కువ వదిలినాననిపిస్తది, ఒక ఏడు సిగ్గుపడేంత తక్కువ అనిపిస్తది.”

“ఇప్పుడెవురొస్తారు పెద్దాయనా దీనికోసరం? రేషను బియ్యం వస్తుండాయి కదా.”

“నేను చూడను. గెనిమ గట్టు మీద కూసోని చూస్తే ఇచ్చినట్టవుతాది. వదలమన్నాడు, ఇమ్మనలేదు.”

ఆ తేడా ఏమిటో ప్రసాద్‌కు వెంటనే అందలేదు. సీటెక్కాక కూడా దాన్నే తిరగేసుకున్నాడు. అతని జేజి, అంటే నాయనమ్మ, పరిగ ఏరుకునేది. కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఒడిలో వేసుకుని తెచ్చి, చేట మీద నలిపేది. అప్పట్లో కొందరు రైతులు దగ్గరుండి చూసేవాళ్లు. వాళ్ల చేలకు జేజి రెండోసారి వెళ్లేది కాదు. ఎందుకు వెళ్లదో అతను ఏనాడూ అడగలేదు.

మొదటి మూలలో చేతులు మాట వినలేదు. వెనక్కి తియ్యాలని గేరు మీదికి పోతున్న చేతిని ఆపుకుని తిప్పేశాడు. రెండో మూల, మూడో మూల అలాగే వదిలాడు. నాలుగోది రోడ్డు పక్కది. కామాక్షయ్య బండి దిగితే మొదట కనిపించేది అదే. ప్రసాద్ గట్టు దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, వాలుగా తిప్పాడు. నాలుగు ఊపుల్లో ఆ మూలలో ఒక్క దుబ్బు నిలబడలేదు. గింజలు మిషన్ తొట్టిలో పడ్డాయి.

హెబ్రోను దగ్గరికొచ్చి ఆ మూలను చూశాడు. “చక్కగా కోసినావు” అన్నాడు.

“ఒక్కటే కదా పెద్దాయనా. ఇది రోడ్డు పక్కది. మంచి పని కనపడాలని.”

“సౌలు అని ఒక రాజుండేవాడు” అంటూ హెబ్రోను తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు. “పగోళ్ల మీదికి పో, గొడ్డూ గోదా ఏదీ మిగల్చొద్దని ఆయనకి దేవుడి ఆజ్ఞ. పోయినాడు, గెలిచినాడు. బక్కవాటిని చంపేసి బలిసిన గొర్రెల్ని వెంట తోలుకొచ్చినాడు. ప్రవక్త ఎదురొచ్చి అడిగితే, చెప్పినట్టే చేసినానన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే వెనకాల గొర్రెలు అరిచినాయి.”

ప్రసాద్ పక్కున నవ్వాడు. “తర్వాత?”

“దేవుడికి బలియ్యాలనే తెచ్చినా అన్నాడు. రాజరికం పోయింది.”

“మంచి గొర్రెలు తెచ్చినందుకా?”

“ఏది మంచిదో ఆయనే తేల్చుకున్నందుకు. దేవుడు మిగల్చొద్దంటే సౌలు మిగిల్చినాడు, నేను మిగల్చమంటే నువ్వు మిగల్చలేదు. అంతే తేడా.”

ఆ కథ ప్రసాద్‌కు అన్యాయంగానే తోచింది. గెలిచి వచ్చినవాణ్ని గొర్రెల కోసం దించేయడమేమిటి? అడుగుదామనుకునే లోపే కామాక్షయ్య మోటారుసైకిలు వచ్చి ఆగింది. హెబ్రోను గోతాలు పరిచే పని చూసుకోవడానికి ట్రాక్టరు వైపు వెళ్లిపోయాడు.

కామాక్షయ్య బండి మీద నుంచే కయ్యంతా చూశాడు. “ఏందయ్యా ఇది? మంగలోడు సగం గొరిగి టీ తాగను పోయినట్టుండాది.”

“రైతు మూలలు వదలమన్నాడండీ. ఈ రోడ్డు పక్క మూల చూడండి. అది నా పని.”

“అయితే ఆయన చెప్పింది మూడింట్లో విన్నావు, నాలుగో దాంట్లో వినలేదు. రేపు నా చేలో నేను చెప్పేవాటిలో ఏది వింటావు, ఏది వినవు?”

రెండో కయ్య ఇంకా మిగిలి ఉంది. కామాక్షయ్య కదల్లేదు. కాలు నేలకానించి అలాగే కూర్చున్నాడు.

నాలుగు మూలలూ నున్నగా కోసి చూపిస్తే ముప్పై ఎకరాలు తనవే కావచ్చు. హెబ్రోను మళ్లీ పిలవడు, అంతే. ఇద్దరికీ మధ్యగా ఏదో ఒకటి చేద్దామని కూడా అనుకున్నాడు. నాలుగు వరసల దుబ్బులు వదిలితే మూల వదిలినట్టూ ఉంటుంది, కోసినట్టూ ఉంటుంది. కొలత రాయలేదు కదా.

ఆ ఆలోచన వచ్చాకే ముసలాయన సిగ్గుపడేంత తక్కువ అని ఎందుకన్నాడో తెలిసింది.

మిషన్ ముందుకు కదిలింది. మొదటి మూలకు పన్నెండడుగుల దూరాన వంపు తీసుకున్నాడు. బ్లేడు అంచు గీసిన గీత మీద వరి గుండ్రంగా, తెగకుండా, ఒక్క కంకి వంగకుండా నిలబడింది. రెండోదీ అంతే. మిషన్ను వెనక్కి తీయకుండా, ఆపకుండా ఒకే ఊపులో అలా వంపు తియ్యడం మూల కోయడం కంటే కష్టమని అతనికి అప్పుడే తెలిసింది. ఎంత వదలాలన్నది ఎవరూ చెప్పనప్పుడు నాలుగూ ఒకేలా వదలడమైనా తన చేతిలో ఉంది. రోడ్డు పక్క మూల దగ్గరకొచ్చేసరికి కామాక్షయ్య మొహం వైపు చూడలేదు. అక్కడా పన్నెండడుగులే వదిలాడు.

తిరిగి చూస్తే మోటారుసైకిలు లేదు.

“నేను మాట్లాడేదా కామాక్షయ్యతో?” అని అడిగాడు హెబ్రోను.

“వద్దులే పెద్దాయనా.”

ఆ సాయంత్రం కామాక్షయ్య ఫోన్ చేశాడు. “పల్లపు కయ్యకి పది గంటలకి రా. ఎకరన్నర. చేను పడిపోయుండాది. అది చూసినాక మిగతాది మాట్లాడదాం.”

మర్నాడు మిషన్ తెస్తూ ప్రసాద్ హెబ్రోను కయ్య దగ్గర ఆపాడు. కాలవ వైపు మూల ఒకటి ఎవరో కోసుకుపోయారు. దిగి మోళ్లను చూశాడు. కొడవలి కోత వాలు ఎడమచేతి వాటం. మోకాలెత్తున కోశారంటే వంగలేని మనిషి. ఇంకెన్ని తెలుస్తాయో చూద్దామని అడుగుల జాడ వెతకబోయాడు. తడి మట్టిలో జాడ కాలవ గట్టుదాకా స్పష్టంగానే ఉంది. రెండడుగులు వేశాక ఆగి, వెనక్కి వచ్చి సీటెక్కాడు.

పల్లపు కయ్యలో వరి నీళ్లలో పడుకుని ఉంది. కామాక్షయ్య గట్టు మీద నిలబడి, ఎటు వైపు నుంచి ఎత్తుకోవాలో, ఎంత కిందికి కోయాలో, మూలలు ఎలా ఉండాలో ఒక్కొక్కటే చెప్పాడు. అందులో ఒకటి తప్పని ప్రసాద్‌కు తెలుసు.

“పడిన దిక్కుకే పోతే ముందు తిరిగే రీలు కంకిని తొక్కేస్తదండీ. ఎదురు పోతే లేస్తది. చెప్పండి, మీరన్నట్టే కోసేదా?”

కామాక్షయ్య చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, కయ్యలోకి దిగి నాలుగు దుబ్బులు చేత్తో రెండు వైపులా లేపి చూశాడు.

“ఎదురే పో” అని గట్టెక్కాడు. “ఇది అయినాక పడమటి కయ్యలు. డీజిలు చాలినంత ఉండాదా?”