చెరిపే హెడ్డు మీద కాగితం

సూర్యాపేటలో మా కిరాయి ఇంటి కింద రికార్డింగు గది నడిపిన మామ గుర్తొస్తే, నాలుకతో తడిపిన బీడీకట్ట కాగితమే నా కళ్లముందుకొస్తుంది. దాన్ని టేపు రికార్డర్‌లో పాత పాటను చెరిపే హెడ్డు మీద అంటించేవాడు. అప్పుడు పాత గొంతు పోకుండా, దాని మీదే కొత్త గొంతు చేరేది. అలా అత్త ఒక్కదాని గొంతునే పొర మీద పొర వేసి, నాట్లేసే ఆడవాళ్లంతా కలిసి పాడుతున్నట్టు వినిపించేవాడు.

అత్త పోయాక, ఆమె ఒక్కతే పాడిన టేపు ఒకటి మిగిలింది. పోయిన వానాకాలం నేను వెళ్లేసరికి, మామ కాలితో తాళం వేసుకుంటూ ఆ టేపు మీదే తన గొంతు కలుపుతున్నాడు. రోజూ అదే పనట. పైన కొత్త గొంతు చేరినప్పుడల్లా కింది గొంతు అరుగుతుందని నాకు చెప్పిందే ఆయన. టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. అత్త ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టుంది.

"మామా, ఇగ ఆపు. అత్త గొంతు ఖతమైతది. జర ఇటియ్యి, ఫోన్ల ఎక్కించి దాస్తా" అని చేయి పట్టుకున్నాను.

విదిలించుకున్నాడు.

"అరుగుతదని నాకెరుక లేదారా? ఫోన్ల దాస్తే, గాడ ఒక్కతే పాడుకుంటుంటది. నేనెట్ల ఊకుంట?"

కాగితం మళ్లీ నాలుకకు అద్దుకున్నాడు.