పోర్చ్‌లో రెండో కుర్చీ

బేస్‌బాల్ అంటే నాకు మొదట్లో ఒళ్లు మంట. డెబ్బై ఎనిమిదిలో మేం ఫిలడెల్ఫియాలో కాపురం పెట్టినప్పుడు పక్కింటి ముసలాయన రేడియో మా వంటింట్లోకి వినిపించేది. ఎవడో కర్రతో బంతిని బాదడం, జనం గోల, మధ్యలో ప్రకటనలు. మా ఆయన యూనివర్సిటీ ల్యాబ్ నుంచి తొమ్మిదైతే గానీ వచ్చేవారు కాదు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ దిగి నాలుగింటికే ఇల్లు చేరేదాన్ని. గోడలతో ఎంతసేపని మాట్లాడతాను? ఒక సాయంత్రం ఉండబట్టలేక పక్కింటి మెట్లెక్కాను.

ఆయన ఊళ్లో ట్రాలీ, అదే ట్రామ్ బండి, నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది, కూతురు న్యూజెర్సీలో ఉంది. "కూర్చో, కిడ్డో," అని చిన్నపిల్లని పిలిచినట్టు పిలిచి, లోపలి నుంచి ఇంకో మడత కుర్చీ తెచ్చి ఇంటి ముందు పోర్చ్‌లో తన పక్కన వేశారు. ఆ రోజు నుంచీ అది నా కుర్చీ అయింది. మా ఫిలడెల్ఫియా టీమ్ పుట్టి వందేళ్లు కావస్తోందట, ఒక్కసారైనా ఛాంపియన్‌షిప్ గెలిచిన పాపాన పోలేదట.

"మా నాన్న చూడకుండానే పోయాడు. మా ఆవిడా అంతే. నేను మాత్రం చూసే పోతాను. రేడియోలో కాదు, స్టేడియంలో నిలబడి, ఈ కళ్లతో," అనేవారు.

కుక్కర్ పెట్టే వేళకి లేచి "ఐ విల్ కమ్" అని చెప్పి దిగిపోయేదాన్ని. మనకి అలవాటే కదా. గుమ్మం దాటేటప్పుడు "వెళ్తాను" అంటే అవేం మాటలని కసురుతారు, "వస్తాను" అనాలి. అమ్మ నేర్పిన ఆ మాటనే ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నాను, అంతే.

పొద్దున డ్యూటీకి బయల్దేరితే నా కుర్చీ అలాగే బయట తడుస్తూ ఉండేది. కుర్చీ తీసి లోపల పెట్టుకోవడానికి కూడా బద్ధకమా, ఏం మనిషండీ అనుకునేదాన్ని. పైగా సాయంత్రం కనబడగానే "నిన్న ఏదైనా పని పడిందా?" అని అడిగేవారు. ఎప్పుడూ అదే ప్రశ్న! "యెస్, వర్క్," అని తుంచేసేదాన్ని.

"నా పని గొడవ ఆయనకెందుకండీ?" అని ఇంటికొచ్చి గొణిగితే, "పెద్దాయన, ఏదో పలకరిస్తారు. పోనిద్దూ," అనేవారు మా ఆయన.

రెండేళ్లు అలా నడిచింది. అబద్ధమెందుకు, ఈలోగా ఆట నాకూ ఎక్కేసింది. ఎనభై అక్టోబర్‌లో టీమ్ ఆఖరి సిరీస్ దాకా వచ్చింది. ఇంకొక్క ఆట గెలిస్తే చాలు, అదీ మా ఊళ్లోనే. ఆ సాయంత్రం వెళ్లేసరికి ఆయన రేడియోకి కొత్త బ్యాటరీలు వేస్తున్నారు.

"ఇవాళ మనమే గెలుస్తాం," అన్నాను.

"పైకి అనకు, కిడ్డో!" అని రెండు చేతులూ అడ్డం పెట్టారు. అమ్మయ్య, దిష్టి భయం వీళ్లకీ ఉందన్నమాట అని నవ్వుకున్నాను. కాసేపు కూర్చుని, "ఐ విల్ కమ్," అని ఇంట్లోకి వచ్చేశాను. మర్నాడు తెల్లవారే డ్యూటీ. తిని పడుకున్నాను. కారు హారన్ల మోతకి మెలకువ వస్తే, గెలిచారు కాబోలు అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

పొద్దున చూస్తే పోర్చ్‌లో రెండు కుర్చీలూ ఉన్నాయి. నా దాని మీద మడత విప్పని దుప్పటి ఉంది.

సాయంత్రం ఆయనే పిలిచారు. "గెలిచాం. నిన్న పని పడిందా?"

"అవును."

"పర్వాలేదు. కూర్చో, అంతా చెప్తాను," అని మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా చెప్పుకొచ్చారు. నేను మధ్యమధ్యలో వాచీ చూసుకున్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జనవరిలో గుండె ఆగి పోయారు. ఖననం అయ్యాక ఆ ఇంట్లో అందరూ కాఫీ తాగుతుంటే కూతురు నా దగ్గరికి వచ్చింది.

"కిడ్డో అంటే మీరేనా? ఆఖరి ఆటకి నాకు రెండు టికెట్లు దొరికాయి. నాన్నని తీసుకెళ్దామని కార్లో వచ్చాను. రానన్నారు. 'పక్కింటి అమ్మాయి వస్తానంది, వచ్చి చూస్తే నేను లేకపోతే ఎలా, ఆ పిల్లకి ఇక్కడెవరూ లేరు' అన్నారు. ఎంత బతిమాలినా కదల్లేదు." ఆమె గొంతులో కోపం లేదు. "ఆ రోజు మీకేం పని పడింది?"

నా నోరు పడిపోను!

"మా భాషలో వస్తానంటే... అది గుడ్‌బై," అన్నాను. "వెళ్లేటప్పుడు అంటాం. ఊరికే అంటాం."

ఆమె కిటికీలోంచి పోర్చ్ వైపు చూసింది. "అయితే నాన్న రోజూ మీ కోసం ఎదురుచూసి..."

"రోజూ," అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆమే నా చేతిలోని కప్పు తీసి పక్కన పెట్టింది.

చావింటి నుంచి లేచేటప్పుడు మనవాళ్లు వస్తానని అనరు, అనకూడదు. చెప్పకుండా వెళ్లిపోవాలి. ఆమె గుమ్మం దాకా వచ్చి, నేనేదో అంటానని నిలబడింది. నేనేమీ అనకుండా మెట్లు దిగాను. నా కుర్చీ ఇంకా బయటే ఉంది. వెనక్కి వెళ్లి, దాని మీద మంచు దులిపి, మడిచి లోపల పెట్టాను.