పదిమంది చాలునన్న సుగుణరత్నం గారు

మా కళాశాల చరిత్రోపన్యాసకులు సుగుణరత్నం గారు మొన్న మంగళవారం వేకువన పంజాగుట్ట ఆసుపత్రిలో పరమపదించారు. మూత్రపిండాల వ్యాధి ముదిరిందని ఎరిగి కూడా, ఆ వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆనాటి దినచర్యలో తేదీ వేసి, ఆపై ఒక్క అక్షరం రాయలేకపోయాను.

ప్రథమ సంవత్సర విద్యార్థులలో ప్రతిభగల పదిమందిని ఎంచి, ప్రతి గురువారం వలయాకారంగా కూర్చోబెట్టి, ఒకే ప్రశ్నపై మాట్లాడించడం ఆయన నెలకొల్పిన సంప్రదాయం. దానికి సెమినార్ అని పేరు పెట్టడమే చిక్కయింది. మా కళాశాల ఉన్న అమీర్‌పేటలో ఆ మాటకు అర్థం వేరు: కంప్యూటర్ కోర్సు అమ్మబోయే ముందు ఉచితంగా చెప్పే తొలి పాఠం, అంటే డెమో. మొదటిరోజే ఒక కుర్రాడు లేచి, "సార్, డెమో అయినంక ఫీజెంత? జాబ్ గ్యారంటీనా?" అన్నాడు. గది గొల్లుమంది. ఆయన మాత్రం గంభీరంగా, "ఫీజు లేదు బాబూ. కాకపోతే ఇక్కడ డెమో ఇచ్చేది నువ్వు. లేచావుగా, కానియ్" అన్నారు.

సరిత అనే విద్యార్థిని నెల్లాళ్లు నోరు విప్పలేదు. నా తరగతి ముగించుకుని నేను చూడవచ్చిన రోజున ఆయన ఆమెను పేరు పెట్టి అడిగారు. "నాకు పుస్తకాల తెలుగు రాదు సార్. మా ఇంట్ల మాట్లాడినట్టు చెప్తే గీళ్లు నవ్వుతరు" అంది. "నవ్వనీ అమ్మా. వాళ్ల నవ్వడం అయ్యాక నీ మాటేంటో చెప్పు" అని, ఆమె పలికేదాకా నిశ్చలంగా నిరీక్షించారు. ఆమె పలికింది. ఎవరూ నవ్వలేదు.

"ఏంటండీ మాస్టారూ, పదిమందికే ఒక గది కావాలా? అందులో యాభైమందికి జావా చెప్పించొచ్చు!" అని ప్రిన్సిపాల్ గారు తరచు ఎత్తిపొడిచేవారు. "పదకొండోవాడు వస్తే పదోవాడు దాక్కుంటాడండీ" అన్నదే ఆయన సమాధానం. ఆ వాదంలో ఆయన ఓడలేదు; మంచం పట్టారు. సెలవులో ఉండగానే ఆ గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి.

ఆసుపత్రిలో నన్ను చూడగానే, "గది ఉందా?" అన్నారు.

"తీసేసుకున్నారండీ."

"పోతే పోనీండి. మెట్లమీదైనా సరే, పిల్లలతో మీరు కూర్చోండి" అన్నారు.

"గణితం చెప్పేవాణ్ణి, నాకది చేతకాదండీ."

"చేతనయ్యేదేముంది? ప్రశ్న వేసి ఊరుకోవడం రావాలంతే." అవే నేను విన్న ఆయన కడపటి మాటలు.

ఆ ఆచార్యునికి పూలమాలకన్న ఆ పనే తగిన అంజలి అని తలచి, నిన్న ఆ పదిమందినీ మెట్లమీద కూర్చోబెట్టాను. ప్రశ్న వేశాను. ఎవరూ పెదవి కదపలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక జవాబు నేనే చెప్పేశాను. పిల్లలు తలలు వంచి బుద్ధిగా రాసుకున్నారు. సుగుణరత్నం గారు ఇక లేరన్న సత్యం ఆ క్షణాన నాకు రూఢి అయింది.