నా భుజం మీది వంకాయ రంగు చీర

ఈ రోజు కారం దోశ మీద ఆశతో మా ఆవిడ వెంట జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు బజారుకు పోయాను. దోశ తిన్నాక చీరల కొట్లో కూర్చున్నాం. పరుపు నిండా పరిచినా ఆవిడకు ఒక్కటీ నచ్చలేదు. చివరికి కొట్టతను, కట్టుకుంటే ఎలా ఉంటుందో చూపిస్తానని, వంకాయ రంగు పట్టుచీర తీసి నా భుజాన పైటలా వేశాడు. మా ఆవిడ దానికీ మూతి తిప్పింది.

అంతలో పక్కనున్న అవ్వ కేకేసింది.

“ఏమప్పా, ఆయప్ప మీదుండే చీర నాకియ్యి! మీసాలాయప్పకే అంత బాగుంటే నాకింకెంత బాగుంటాది!”

“అది మేం తీసుకున్యాం అవ్వా!” అంటూ మా ఆవిడ చీరను నాతో సహా లాక్కుంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో నా అందాన్ని గుర్తించింది ఆ అవ్వ ఒక్కతే. మీలో ఎవరికైనా చీర ఎంచుకోవడం కష్టంగా ఉంటే చెప్పండి, కారం దోశ పెట్టిస్తే నా భుజం సిద్ధం.