జర జరుగుర్రి, మనం పోవాలె

బంద్ అంటే ఊరంతా విసుక్కుంటున్న రోజుల్లో, మళ్ళీ బంద్ ఎప్పుడా అని పొద్దున్నే పేపర్లో వెతుక్కున్న ఆంధ్రా పిల్లని బహుశా నేనొక్కదాన్నే. తార్నాకలో మా వీధి మొత్తం గాలించినా ఇంకొకరు దొరికి ఉండరు. మా అమ్మకు తెలిస్తే నన్ను చర్చికి లాక్కెళ్ళి ప్రార్థన చేయించేది.

కారణం రోబో. అసలు కారణం అతను. అప్పట్లో మాత్రం నాకు నేను కూడా రోబో అనే చెప్పుకునేదాన్ని.

నేను క్యాంపస్‌లో రీసెర్చ్‌లో చేరిన రెండో నెలలో మా ల్యాబ్‌కు విదేశం నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. మేకులు పీకి తెరిస్తే, లోపల థర్మోకోల్ మధ్య బియ్యం డబ్బా అంత యంత్రం. కింద రెండు చక్రాలు, వెనక ఎటైనా తిరిగే చిన్న చక్రం, ముందు అడ్డంకులు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచే లేజర్. బుర్ర లేదు. పైన ఒక ల్యాప్‌టాప్ కూర్చోబెట్టి, కేబుల్ కలిపి, ప్రోగ్రాం రాసి బుర్ర మనమే పెట్టాలి. డిపార్ట్‌మెంట్‌కు వచ్చిన అతిథిని మెట్ల దగ్గర నుంచి సెమినార్ హాలు దాకా, దారిలో ఎవరినీ గుద్దకుండా తీసుకెళ్ళడం దానికి నేర్పాలి. అదీ మా సార్ తెచ్చిన ప్రాజెక్టు. దాని మీద పనిచేసేది ఇద్దరమే, నేను, నాకంటే మూడేళ్ళ ముందు చేరిన అతను.

అతనిది కరీంనగర్ వైపు ఒక పల్లె. హాస్టల్లో ఉండేవాడు. మా క్యాంపస్‌లో సీనియర్ మగవాడైతే చాలు, అన్నా అనేస్తారు. అతన్నీ అందరూ అన్నా అనే పిలిచేవారు. నా నోటికి మాత్రం ఆ మాట రాలేదు, ఎందుకు రాలేదో చాలా రోజులు ఆలోచించనూ లేదు. మొదటి రోజు మా ఇంటి అలవాటు కొద్దీ, "ఏవండీ, స్క్రూడ్రైవర్ ఇస్తారా?" అన్నాను. ల్యాబ్‌లో ఉన్న నలుగురూ తలలెత్తి చూశారు.

అతను స్క్రూడ్రైవర్ ఇస్తూ, "అట్ల పిలవకండి మేడం. గీడ పెండ్లయినోళ్ళు పిలుచుకుంటరు" అన్నాడు.

"మా ఇంట్లో కూరగాయలాయన్ని కూడా అలాగే పిలుస్తామండీ" అన్నాను.

"ఓ, నేను కూరగాయలాయన లెక్క అన్నట్టు" అన్నాడు. వారం తిరగకుండా ఆ మేడం పోయి నువ్వు వచ్చింది. నేను మాత్రం మీరు దగ్గరే ఉండిపోయాను.

విమానంలో పంపనివ్వరట, బ్యాటరీలు లేకుండా వచ్చింది యంత్రం. ఇద్దరం ఆటోలో అంబర్‌పేట్ వెళ్ళి, స్కూటర్ బ్యాటరీలు అమ్మే షాపులో సరిపోయేవి వెతికి తెచ్చాం. స్విచ్ వేస్తే గర్రుమని లేచి, నేరుగా వెళ్ళమంటే ఎడమకు లాగి గోడను గుద్దింది. అక్కడి నుంచి నెల రోజులు మా పని కొలవడమే. కారిడార్‌లో సుద్దముక్కతో గీత గీసేవాళ్ళం. రోబోను నేల మీది ఇరవై పలకల దూరం నడిపి, అది వెళ్ళానని అనుకుంటున్న దూరమెంతో, నిజంగా వెళ్ళిందెంతో టేపు పెట్టి చూసేవాళ్ళం. తేడాను ప్రోగ్రాంలో సరిచేసి మళ్ళీ మొదటికి. టేపు ఒక చివర అతని చేతిలో, ఇంకో చివర నా చేతిలో. అతను అంకె చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. నా జీవితంలో అంత సంతోషంగా అంకెలు ఎప్పుడూ రాయలేదు.

తరువాత పటం గీయాలి. జాయ్‌స్టిక్‌తో రోబోను మెల్లగా నడుపుతూ పోతే, లేజర్ చూసిన గోడల్ని అది తనంతట తాను పటంగా గీసుకుంటుంది. చిక్కేమిటంటే దానికి మనిషి కాలైనా, స్తంభమైనా ఒకటే. పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటే పటం నిండా లేని స్తంభాలు మొలిచేవి. కారిడార్ ఖాళీగా ఉండాలి. అది ఖాళీగా ఉండేది బంద్ రోజునే.

తెలంగాణ కోసం క్యాంపస్ అట్టుడికిపోతున్న కాలం అది. బంద్ అంటే క్లాసులు లేవు, బస్సులు లేవు, గేటు దగ్గర పోలీసులు. "వాళ్ళ గొడవల్లో మనమెందుకమ్మా, ఇంట్లో ఉండు" అనేది అమ్మ. ఆవిడ స్కూలు టీచరు, నాన్నతో పాటు గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్ళకు పైనే అయినా ఇంకా వాళ్ళు, మనం అనే మాట్లాడేది. "గొడవ లేదమ్మా, ఈరోజు కారిడార్ ఖాళీ" అని చెప్పి నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. చెప్పింది అబద్ధం కాదు కాబట్టి నాకు పాపభీతి కూడా ఉండేది కాదు.

అతను పొద్దున ఊరేగింపులో ఉండి, మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. అతను జాయ్‌స్టిక్ పట్టుకుని ముందు, నేను స్క్రీన్ చూస్తూ రెండడుగులు వెనక. కిటికీలోంచి నినాదాలు వినపడేవి. ఆ పోయిన గొంతుతోనే జై అని మెల్లగా అంటూ నడిపేవాడు. స్క్రీన్ మీద ఒక్కో గోడ, ఒక్కో గుమ్మం నల్లటి గీతలై లేచేవి. అంత పెద్ద భవనంలో మేమిద్దరమే.

మెట్ల మీద కూర్చుని నా డబ్బా విప్పేవాళ్ళం. గోంగూర అన్నాను ఒకసారి. పుంటికూర అంటేనే తింటా అన్నాడు. అనలేదు నేను. అయినా తిన్నాడు, రెండోసారి కూడా కలిపించుకున్నాడు. నాలుగింటికి బస్సుల్లేవు కదా అని తార్నాక చౌరస్తా దాకా నాతో నడిచేవాడు. "పోలీసాయన ఆపితె ఐడి కార్డు చూపియ్యి, మాట్లాడకు. నీ అండీలు వింటె కుర్చేసి కూసోబెడుతడు" అనేవాడు. ఆ నడక కోసం నేను బంద్‌లు కోరుకున్నాను. బయట జనం దెబ్బలు తింటున్నారని తెలిసీ కోరుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఇప్పటికీ కావాలనిపిస్తుంది.

పటం అయ్యాక రోబోకు మాట కావాలన్నారు సార్. ఎవరైనా అడ్డంగా నిలబడితే తప్పుకోమని చెప్పాలి. మొదట నా గొంతు రికార్డు చేశాం. "దయచేసి పక్కకు తప్పుకోండి" అన్నాను. రేడియోలో వార్తల్లెక్కుంది, ఎవ్వడూ జరగడు అన్నాడతను. మైకు తీసుకుని, ఒక్క ఊపులో చెప్పేశాడు: "జర జరుగుర్రి, మనం పోవాలె."

సార్ విని నవ్వారు. నవ్వి, "యాస ఉండనీ, బావుంది. కానీ అడ్డంగా నిలబడ్డవాడితో మనం పోవాలె అంటారా? వాడు మీతో రావట్లేదుగా. మేము అని మార్చు" అన్నారు.

"వస్తె రానియ్యిండ్రి సార్. తొవ్వల నిలబడ్డోన్ని మేము అని ఎందుకు ఎల్లగొట్టాలె" అన్నాడు.

మార్చలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆ మాటే నెమరేసుకున్నాను. అతని మనంలో దారిన పోయేవాడికే చోటుంటే, నాకు ఉండదా అనుకున్నాను. నాకు కావలసిందల్లా అదే. అతను మనం అన్నప్పుడు నేను అందులో ఉండాలి.

రోబో డెమో చూడటానికి బయటి నుంచి నిపుణులు వచ్చే ముందు వారం క్యాంపస్‌లో బాష్పవాయు గోళాలు పేలాయి. హాస్టళ్ళలోకి పోలీసులు వెళ్ళారు. అతను రెండు రోజులు ల్యాబ్‌కు రాలేదు. మూడో రోజు వచ్చాడు, కళ్ళు ఎర్రగా, మోచేతికి కట్టుతో. నేను అడగాల్సింది ఆ కట్టు గురించి. రెండు రోజులు భయంతో చచ్చానని చెప్పాల్సింది. నా నోరు ఎలాంటిదంటే, "రేపు కూడా రాకపోతే డెమో ఎలాగండీ?" అన్నాను.

నా వైపు చూశాడు. "మేం ఆడ దెబ్బలు తింటున్నం. మీకేమైతది. మీకు డెమోనే గావాలె" అన్నాడు.

అతను నన్నెప్పుడూ మీరు అనడు. నువ్వు అనే మనిషి మీకు అన్నాడంటే అది మర్యాద కాదు. ఆ మీకులో మా అమ్మ ఉంది, మా చర్చి ఉంది, మా వీధి మొత్తం ఉంది. ఇక్కడే నల్లకుంటలో పుట్టి, వేసవి సెలవులకు తప్ప గుంటూరు ఎరగని నేనూ ఆ గుంపులో ఒకదాన్ని. రోబో స్విచ్ ఆపి, బ్యాగు తీసుకుని వచ్చేశాను.

నాలుగో రోజు ఫోన్ చేశాడు. "బ్యాటరీ చార్జింగ్ పెట్టిన. రేపు వస్తవా?" అన్నాడు. అతని క్షమాపణ అంతే, నాకు తెలుసు. వెళ్ళాను. కానీ నాకు కోపం వస్తే ఒక పట్టాన పోదు, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. డెమో రోజు నిపుణుల్లో ఒక పెద్దాయన కావాలనే అడ్డంగా నిలబడ్డారు. రోబో ఆగి, "జర జరుగుర్రి, మనం పోవాలె" అంది. అందరూ నవ్వారు. అతను నేను నవ్వానా లేదా అని నా వైపు చూశాడు. నేను స్క్రీన్ చూస్తూ ఉండిపోయాను.

ఆ ఏడాదే అతని థీసిస్ అయిపోయింది. కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు కొలతల నోటుబుక్కు నా చేతికిచ్చి, రోబో పక్కన గొంతుక్కూర్చుని చక్రం తుడుస్తూ, "మా దిక్కు కాలేజీల పోస్టులున్నయి. నువ్వు కూడ రావొచ్చు గద" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. అడుగుతున్నది ఉద్యోగం గురించి కాదని తెలియనంత పిచ్చిదాన్ని కాను. కానీ మా దిక్కు అన్నాడు. ఆ మా దగ్గర నేను ఆగిపోయాను. "చూద్దామండీ" అన్నాను.

తరువాత రెండేళ్ళు రోబోను నేనే నడిపాను. అతని గొంతు అందులో అలాగే ఉండిపోయింది. కారిడార్‌లో ఎవరూ లేనప్పుడు, దారికి అడ్డంగా నేను వెళ్ళి నిలబడేదాన్ని. మనం పోవాలె అనేది. పక్కకు జరిగేదాన్ని కాదు. ఆగి మళ్ళీ అనేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, బ్యాటరీ దిగిపోయే దాకా నిలబడ్డ రోజులున్నాయి.

రాష్ట్రం బిల్లు పాసైన రోజు అమ్మా నేనూ టీవీ ముందు ఉన్నాం. బయట తార్నాక అంతా టపాసులు. ఫోన్ మోగింది. అతని వెనక డప్పులు.

"ఏం జేస్తున్నవ్? టీవీ చూస్తున్నవా?" అన్నాడు. గొంతు మళ్ళీ పోయింది. "వచ్చింది. మనకు రాష్ట్రం వచ్చింది."

మనకు. ఎన్నేళ్ళు చెవులు రిక్కించి ఎదురుచూసిన మాట. పక్కన అమ్మ నన్నే చూస్తోంది. లోపల ఆ పాత కోపం ఇంకా చావలేదు. నాకు నేనే మంచి పని చేస్తున్నానన్నట్టు, ఎంతో మర్యాదగా, "మీకు అభినందనలండీ" అన్నాను.

డప్పుల చప్పుడు దూరమైంది, పక్కకు నడిచినట్టున్నాడు. తరువాత, "మాకేనా?" అన్నాడు.

నేనెప్పుడూ అతన్ని మీరనే అంటాను కదా. మీకు అంటే మీ ఒక్కరికి అని సర్ది చెప్పవచ్చు. కాదండీ, మనకే అని నవ్వేయవచ్చు. ఒక్క క్షణం పట్టేది.

"అంతేగా" అన్నాను.

"సరె. ఉంట మరి" అని పెట్టేశాడు.

మళ్ళీ అతను చేయలేదు, నేనూ చేయలేదు. ఇన్నేళ్ళ తరువాత కూడా పొయ్యి ముందు నిలబడి, సిగ్నల్ దగ్గర ఆగి, ఆ ఫోన్‌కు జవాబు చెబుతూనే ఉంటాను. మనకండీ, మనకు వచ్చింది అంటాను. పైకే అంటాను.