తేయాకులో పాతనూనె కంపు

గుంటూరులో నాకో చిన్న టీ దుకాణం ఉంది. తమిళనాడులోని రాజపాళయంలో రాధ అనే తెలుగమ్మాయి కొండల నుంచి గ్రీన్ టీ ఆకు తెప్పించి పొట్లాలు కట్టి అమ్ముతోందని తెలిసి, ముందు వాసన చూసి కొందామని బయల్దేరాను. పొద్దున్నే మదురై మాట్టుతావణి స్టాండులో బస్సెక్కితే శ్రీవిల్లిపుత్తూరు మీదుగా రెండు మూడు గంటల ప్రయాణం. టికెట్టు వంద రూపాయలు దాటలేదు. రాజపాళయం స్టాండు దగ్గర, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు ఆటో అతను నా మాట విని నవ్వాడు. "ఆంధ్రా నుంచి వచ్చినారా? మీ తెలుగు టీవీలో మాట్లాడినట్టు ఉండాది!"

ఇంట్లో రాధ, ఆమె అత్త కోదండమ్మ ఎదురొచ్చారు. రాధ ఉత్సాహంగా డ్రమ్ము మూత తీసింది. ఒక్కసారిగా పాతనూనె కంపు! నేను నిర్ఘాంతపోయాను. రాధ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నల్లెణ్ణె డ్రమ్ము కడగకుండా ఆకు పోసినావు," అంది కోదండమ్మ. నల్లెణ్ణె అంటే వాళ్ళకి నువ్వుల నూనె.

"లేదత్తా, కొత్త డ్రమ్ము. ఎణ్ణె తగలనే లేదు."

"తగలకుంటే ఈ వాసన ఎట్ల వచ్చె? ఆకులో ఎణ్ణె ఊరునా? ఇంక నువ్వు ఈ వ్యాపారం ముట్టొద్దు. మా చెల్లెలి కూతురు చూసుకుంటాది."

ఆకులో నూనె ఏమిటని నేనూ అత్త పక్షమే. రాధ కళ్ళు తుడుచుకుని అలమారలోంచి ఓ చిన్న డబ్బా తెచ్చింది. ఆకు వచ్చిన రోజే ఆ డ్రమ్ములోంచి తన కోసం తీసి పెట్టుకుందట. మూత తీస్తే కోసిన గడ్డి వాసన! అదే ఆకు, అదే డ్రమ్ము. నాకు మతి పోయింది. కెమిస్ట్రీ చెప్పే మా చెల్లికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"టీ ఆకులోనే కొంచెం కొవ్వు ఉంటుందక్కా," అంది. "లినోలెనిక్ ఆమ్లం లాంటివి. ఆకు నలిగినప్పుడు అవి విరిగితేనే ఆ పచ్చి వాసన. కొవ్వులో కరిగే పసుపు రంగు పదార్థాలు విరిగితే పూల వాసన. అదే కొవ్వుకి ఎండా గాలీ తగిలిందా, పాతనూనె కంపే. ఎండబెట్టారా?"

ఇన్నేళ్లుగా టీ అమ్ముతున్నాను, ఆకులో కొవ్వు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు! రాధ అడ్డంగా తలూపింది. కోదండమ్మ మెల్లగా కుర్చీలో కూలబడింది.

"నేనే ఎండబెట్టినాను," అంది. "నువ్వు మీ అమ్మగారింటికి పోయినప్పుడు. తేమ పోవాలని మొట్టమాడి మీద, మిరపకాయలు ఆరబోసినట్టు, మూడు దినాలు."

ఆ ఇంట్లో మిరపకాయల నుంచి వడియాల దాకా ఏది వచ్చినా ముందు డాబా ఎక్కాల్సిందేనట. తేయాకునూ ఎక్కించేసింది పాపం! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. "పిల్లను పంపొద్దు. ఆకు చెరిపింది నేను, మా రాధ కాదు," అని గట్టిగా చెప్పింది. రాధ అప్పుడు బోరుమంది.

మన చేత్తో చెడిన దానికి పక్కవాళ్ళ చేతులు వాసన చూడడం ఎంత తేలికో ఆ రోజు కళ్ళారా చూశాను. అటు వెళ్ళి ఆకు కొనేవాళ్ళకు ఒకటే మాట: గాలి చొరని, వెలుతురు పడని డబ్బాలోనే తెచ్చుకోండి, ఎండ చూపించకండి. ఆటో ఎక్కుతుంటే కోదండమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ ఊర్లో ఎవరైనా కోడల్ని ఊరికే అంటా ఉంటే, నా కత చెప్పమ్మా," అంది. అందుకే రాశాను.