సైదాబీ గారి ముందస్తు ఆమోదం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో ఒక నగరపాలక సంస్థకు కౌన్సిల్ కార్యదర్శిగా బదిలీ మీద వెళ్లాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి నేలల్లోని నగరం అది. ఇందులోని మనుషులు చాలామంది ఇంకా ప్రజాజీవితంలోనే ఉన్నారు కాబట్టి పేరు రాయను. సమావేశాలకు ఎజెండా తయారుచేయడం, చర్చను మినిట్స్‌లోకి ఎక్కించడం, ఏది నిబంధనకు లోబడి ఉందో ఏది లేదో మేయర్‌కు చెప్పడం కౌన్సిల్ కార్యదర్శి పని.

మేయర్ సైదాబీ గారు అంతకుముందు కుట్టు శిక్షణ కేంద్రం నడిపేవారు. మాట తక్కువ. మేయర్ అంటే నగరానికి యజమాని అని జనం అనుకుంటారు. కౌన్సిల్‌కు, స్థాయీ సంఘానికి అధ్యక్షత వహించడం, రికార్డులు తెప్పించుకుని చూడటం, కమిషనర్‌ను నివేదిక అడగడం మేయర్ అధికారాలు. పని చేయించే అధికారమంతా కమిషనర్‌దే. ఒక పారిశుధ్య కార్మికుణ్ణి ఈ వీధి నుంచి ఆ వీధికి మార్చాలన్నా సంతకం ఆయనదే.

నేను చేరిన కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం నగరం చివర కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచాయి. లోపల నిండా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. పొయ్యిలో ఒక్క ఎండు మిరపకాయ పడితేనే ఇల్లంతా దగ్గుతుంది. అక్కడ గోదాములే తగలబడుతున్నాయి. మేయర్ గారి కారులో నేనూ వెళ్లాను. ఇంకా దూరంగా ఉండగానే కళ్లు తెరవలేకపోయాం.

ఆ గోదాముల వెనక స్పిన్నింగు మిల్లు కార్మికుల కాలనీ ఒకటి ఉంది. దాని దారి గోదాము గేటు ముందునుంచే. రెండో కొసన బైపాస్‌కు తెరుచుకునే సందుకు ఎవరో అడ్డంగా నిలువెత్తు గోడ కట్టేశారు. అగ్నిమాపక అధికారి తడిగుడ్డ మూతికి కట్టుకుని వచ్చి చెప్పాడు.

"గాలి కాలనీ మీదకే కొడుతోంది మేడం. ఈ వైపు నుంచి మనుషుల్ని తేలేం. వెనక గోడ తీయించండి."

మేం చుట్టూ తిరిగి గోడ దగ్గరకు చేరేసరికి పట్టణ ప్రణాళిక అధికారి అక్కడే ఉన్నాడు. పక్కన కాలువ పనికి వచ్చిన జేసీబీ కూడా ఉంది. అది కదలడం లేదు.

"కమిషనర్ గారి ఆర్డరు లేకుండా నేను ముట్టుకోలేనండీ" అన్నాడు ఆ అధికారి. "ఇది కట్టింది డిప్యూటీ మేయర్ గారి బావమరిది. అవతల వెంచర్ ఆయనదే. సందు నా సొంతం అంటున్నాడు. ఫైలు నడుస్తోంది."

కమిషనర్ తుళ్లూరు వైపు సచివాలయంలో సమీక్షకు వెళ్లారు. ఆ గదిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. బయట ఉన్న ఆయన సిబ్బందికి చెప్పాం, కబురు లోపలికి వెళ్లిందో లేదో తెలియలేదు. జేసీబీ డ్రైవరు సీట్లోంచే, "ఎవరో ఒకరు కాయితం ఇప్పించండమ్మా, నా ఉద్యోగం పోద్ది" అన్నాడు.

సైదాబీ గారు నావైపు తిరిగారు. "సెక్రటరీ గారూ, ఈ పని చేయించడానికి నాకేమైనా దారుందా?"

ఉంది. దాన్ని ముందస్తు ఆమోదం అంటారు. కౌన్సిల్ సమావేశమయ్యేదాకా ఆగలేని పనికి మేయర్ ముందుగా ఆమోదం రాసిస్తారు. తర్వాతి సమావేశంలో కారణాలు పెట్టి ఖరారు చేయించుకోవాలి. ఆ మాటే చెప్పాను.

"వాళ్లు ఒప్పుకోకపోతే?"

"బాధ్యత మీ ఒక్కరి మీదే పడుద్దండీ."

"రాయండి" అన్నారు.

కారు బానెట్ మీద కాగితం పెట్టి నాలుగు ముక్కలు రాశాను. ఆమె సంతకం చేశారు. పట్టణ ప్రణాళిక అధికారి దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

జేసీబీ తొట్టి లేచి గోడ తలమీద ఒక్క దెబ్బ కొట్టింది. ఇటుకలు అవతలికి రాలాయి. ఆ వెంటనే గోడ అవతలినుంచి ఆడమనిషి కేక వినిపించింది.

"ఆపు! ఆపరా!" అని మేమందరం ఒక్కసారే అరిచాం.

జనం ఇళ్లలో తలుపులేసుకుని ఉంటారనుకున్నాం. పొగకు వీలైనంత దూరం పరిగెత్తి, దారి లేక, వాళ్లంతా వచ్చి ఆ గోడకే ఆనుకుని కూలబడ్డారు. దగ్గు తప్ప గొంతు పెగలక ఇంతసేపూ మాకు వినపడలేదు. తొట్టి రెండో దెబ్బకు వెనక్కి లేచి గాల్లో ఆగి ఉంది. ఆ దెబ్బ పడి ఉంటే గోడ వాళ్లమీదే పడేది. ఆ ఆమోదం రాసింది నా చెయ్యే.

అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన వేసి అవతలికి దిగారు. మనుషుల్ని ఒక పక్కకు జరిపి, మూల దగ్గర గడ్డపారతో కన్నం పొడిచారు. ఆ కన్నంలోంచి ఒక్కొక్కరినే లాగాం. కళ్లు ఉబ్బి మూసుకుపోయిన పిల్లలు, భుజం మీద ఇటుక పడ్డ ఆడమనిషి, ఆ వార్డు కార్పొరేటర్ తల్లి. ఆవిణ్ణి సైదాబీ గారే చంకల కింద చేతులేసి బయటకు తీశారు. ఆయాసం జబ్బున్న వెంకటేశ్వర్లు అనే ముసలాయన మాత్రం కళ్లు తెరవలేదు. "ఇప్పుడే మాట్టాడాడండీ నాతో" అని ఆయన భార్య ఎదురుపడ్డ ప్రతి ఒక్కరికీ చెబుతూనే ఉంది.

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో ఆ అంశం పెట్టాం. చప్పట్లతో ఆమోదం పొందుతుందనుకున్నాను. డిప్యూటీ మేయర్ లేచారు. "నోటీసు లేకుండా ఆస్తి పడగొడితే, రేపు మన ఇళ్ల మీదకీ రారని గ్యారంటీ ఏంటి?" అన్నారు. ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నాం. సైదాబీ గారి సొంత పక్షంలోనే ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరి తల్లిని ఆ కన్నంలోంచి తీశామో ఆ కార్పొరేటర్ బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. అతని చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో ఓటింగులు లెక్కపెట్టాను. ఆ రోజు లెక్క తప్పాననుకుని మళ్లీ పెట్టాను.

ఫలితం ప్రకటించాల్సింది అధ్యక్షస్థానమే. "అంశం వీగిపోయింది" అన్నారామె, మామూలు గొంతుతో. నా కలం ఆగిపోయింది. "రాయండి సెక్రటరీ గారూ" అని వీధిదీపాల అంశానికి వెళ్లారు.

సమావేశం అయ్యాక ఆ కార్పొరేటర్ వరండాలో నన్ను ఆపాడు. "పార్టీలో పైనుంచి చెప్పారండీ, నేనేం చెయ్యను? అమ్మ నాతో మాట్టాడ్డం మానేసింది" అన్నాడు.

వెంచర్ యజమాని సైదాబీ గారిని వ్యక్తిగతంగా ప్రతివాదిని చేసి కోర్టుకెళ్లాడు. కాలనీ మంజూరు ప్లానులో ఆ సందు రోడ్డుగానే ఉందని, తాను ఊళ్లో ఉంటే అదే ఉత్తర్వు ఇచ్చి ఉండేవాణ్ణని కమిషనర్ కోర్టుకు రాసిచ్చారు. కొన్నాళ్లకు అతను దావా వెనక్కి తీసుకున్నాడు. గోడ మళ్లీ లేవలేదు. ఆమె పక్షం వాళ్లు సొంత సమావేశాలకు ఆమెను పిలవడం మానేశారు. కౌన్సిల్‌కు మాత్రం ఆమె ఎప్పటిలాగే అధ్యక్షత వహించారు.

ఆ ఉదంతం నుంచి రెండు సంగతులు తెలుసుకున్నాను. జరిగిన పనిలో భాగం పంచుకోనని కౌన్సిల్ అనగలదు, పనిని మాత్రం వెనక్కి తిప్పలేదు. అందుకే ఆ తర్వాత నేను పనిచేసిన మేయర్లకు అధికారంతోపాటు ఆ సంగతి కూడా సంతకానికి ముందే చెప్పాను. రెండోది ఏ నిబంధనలోనూ లేదు. కూల్చివేత కాగితం ఎంత తొందరలో రాసినా, అందులో మొదటి వాక్యం, అవతలి వైపు మనిషిని పంపి చూశాకే యంత్రం కదలాలి అని ఉండాలి.